తొలి తలంపు – మలి అడుగు

గడ్డం, టోపీ గల యువకుడు బస్సు ఎక్కి ఖాళీగా ఉన్న సీటులో కూర్చుంటాడు. పక్కనున్న ప్రయాణికుడు తన ఒడిలోని సంచిని మరికాస్త దగ్గరకు లాక్కుంటాడు. తాను అలా చేసినట్లు ఆ ప్రయాణికునికే తెలియదు. యువకునికి మాత్రం తెలుస్తుంది. ఇటువంటి అనుభవం ఒక్కసారైనా ఎదురుకాని ముస్లిం కుటుంబం మన తెలుగునాట అరుదు. "మీరు ముస్లింలయి ఉండి కూడా తెలుగు ఎంత చక్కగా మాట్లాడుతున్నారు!" అనే మెచ్చుకోలు సైతం ఈ కోవకు చెందినదే. అన్నవారి మనసులో దురుద్దేశం ఉండదు, విన్నవారి మనసు మాత్రం చివుక్కుమంటుంది.

అదే యువకుని ఇంటికి చెల్లెలి కోసం ఒక పెళ్లి సంబంధం వస్తుంది. అబ్బాయి చదువేమిటి, సంపాదన ఏమిటి, నమాజు పట్ల శ్రద్ధ ఎంత అనే విషయాలు ఇంకా తెలియనే తెలియవు. ఇంతలో ఒక పెద్దమనిషి "వారు దూదేకులవారట కదా!" అంటారు. గదిలో ఒక్క క్షణం నిశ్శబ్దం. ఎవరూ ఎవరినీ నిందించలేదు, ఒక్క చెడ్డమాటా దొర్లలేదు. అయినా తీర్పు జరిగిపోయింది.

ఈ రెండు సందర్భాలలోనూ పనిచేసినది ఒకటే. ఒక సమూహం మీద సమాజం ఎన్నడో వేసిన మూస ముద్ర మన అనుమతి కోరకుండానే మనసులో మేల్కొని, చేతిని కదిపింది, నోటిని మూయించింది. బస్సులో ఆ ముద్రకు మనం గురి అయ్యాము, ఇంట్లో అదే ముద్రను మనమే మరొకరి మీద వేశాము. ఇటువంటి అసంకల్పిత స్పందనల మీద మనిషికి అదుపు సాధ్యమేనా? తనను తాను ఎరిగి ఉండటం ఇందులో ఎంతవరకు తోడ్పడుతుంది? గత కొన్ని దశాబ్దాలుగా మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నను శ్రద్ధగా పరిశీలిస్తున్నారు. ఆత్మ పరిశీలనను ఆరాధనలో భాగంగా భావించే మనకు వారు కనుగొన్న విషయాలు ఎంతో ఉపయోగకరమని మేము భావిస్తున్నాము.

తలంపు ఎలా పుడుతుంది?

1989లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ప్యాట్రీషియా డివైన్ ఒక ముఖ్యమైన పరిశోధన ప్రచురించారు. ఒక వర్గం పట్ల ద్వేషం గలవారికీ, లేనివారికీ ఆ వర్గం గురించి సమాజంలో చలామణిలో ఉన్న మూస అభిప్రాయాలు సమానంగానే తెలుసునని ఆమె చూపారు. చిన్ననాటి నుండి కథల ద్వారా, సామెతల ద్వారా, సినిమాల ద్వారా, పెద్దల మాటల ద్వారా అవి అందరి మనసులలోనూ చేరి ఉంటాయి. తగిన సూచన తగలగానే ఇద్దరిలోనూ అవి తమంతట తామే మేల్కొంటాయి. భేదం ఆ తరువాతి మెట్టులో కనిపిస్తుంది. ద్వేషం లేనివాడు తన విలువలను గుర్తు చేసుకుని ఆ తలంపును పక్కకు నెడతాడు. ద్వేషం గలవాడు దానికి పీట వేసి కూర్చోబెడతాడు. అయితే ఈ రెండవ మెట్టుకు కొంత శ్రమ, కొంత వ్యవధి అవసరం. తొందరలో, అలసటలో, కోపంలో ఉన్నప్పుడు మంచివాడు సైతం తొలి తలంపు చెప్పినట్లే నడుచుకునే ప్రమాదం ఉంది.

ఇక్కడ ఇస్లామీయ విద్వాంసులు ఎంతో కాలంగా బోధిస్తున్న ఒక సూక్ష్మ విషయం జ్ఞప్తికి వస్తుంది. మనసులో దానంతట అది మెదలే ఆలోచనను వారు 'ఖాతిర్' అన్నారు. మనసులో మెదిలే ఊహలను మాటగానో చేతగానో మార్చనంత వరకు అల్లాహ్ ఈ సముదాయానికి మన్నించాడని మహాప్రవక్త ముహమ్మద్ (స) తెలిపిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. తొలి తలంపు వచ్చినందుకు మనిషి కుమిలిపోనక్కరలేదు. దాని వెంట వేసే మలి అడుగుకు మాత్రం అతడు జవాబుదారి.

ఆ మలి అడుగు చిన్న విషయమని ఎవరూ తలచరాదు. మన దేశంలో సుఖదేవ్ థోరట్, పాల్ అటివెల్ అనే ఇద్దరు పండితులు 2007లో ప్రచురించిన అధ్యయనాన్ని చూడండి. వార్తాపత్రికలలో ప్రైవేటు కంపెనీలు ఇచ్చిన 548 ఉద్యోగ ప్రకటనలకు 66 వారాల పాటు 4,808 దరఖాస్తులు పంపారు. చదువు, అర్హతలు సమానంగా ఉంచి పేర్లు మాత్రం మార్చారు. అగ్రవర్ణ హిందూ పేరున్న దరఖాస్తుతో పోల్చినప్పుడు, దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే నిష్పత్తి మూడింట రెండు వంతులే ఉంది. ముస్లిం పేరున్న దరఖాస్తు విషయంలో అది మూడోవంతుకు పడిపోయింది. ఆ దరఖాస్తులను వడపోసినవారందరూ మతద్వేషులని మేము అనడం లేదు. వారిలో అనేకులు తాము అర్హతను మాత్రమే చూశామని నిజాయితీగానే నమ్మి ఉండవచ్చు. ఎరుక లేని చోట తొలి తలంపే తీర్పరి అవుతుంది.

అద్దం ముందు మనిషి

తనను తాను చూసుకునే మనిషి నడవడి మారుతుందని 1972లో డువల్, విక్లండ్ అనే పరిశోధకులు ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. దృష్టి తన వైపు మళ్లినప్పుడు మనిషి తాను ఎలా ఉన్నాడు, ఎలా ఉండాలనుకుంటున్నాడు అనే రెండింటినీ పోల్చుకుంటాడనీ, ఆ రెంటి మధ్య దూరం అతనిని కలవరపెడుతుందనీ వారు చెప్పారు. ఇందుకు వారు ప్రయోగశాలలో వాడిన సాధనాలలో ఒకటి సాధారణమైన అద్దం.

1998లో మ్యాక్రే, ఆయన సహచరులు ఈ అద్దాన్ని మూస అభిప్రాయాల విషయంలో పరీక్షించారు. ఒక సామాజిక వర్గానికి చెందిన వ్యక్తి గురించి కొన్ని వాక్యాలు రాయమని పాల్గొన్నవారిని కోరారు. తమ ప్రతిబింబం తమకు కనిపిస్తున్నప్పుడు వారి రాతలో మూస మాటలు తగ్గాయి. వాటిని తగ్గించమని ఎవరూ వారికి చెప్పలేదు. తమను తాము చూసుకోవడమే అందుకు చాలింది.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. అదే బృందం 1994లో మరొక ప్రయోగం చేసింది. గుండు చేయించుకుని దురుసువారిగా పేరుపడిన ఒక తరహా యువకుని ఫోటో చూపి, అతని దినచర్యను ఊహించి రాయమన్నారు. కొందరికి మాత్రం "మూస అభిప్రాయాలను దగ్గరకు రానీయవద్దు" అని ముందుగా హెచ్చరిక చేశారు. వారి తొలి రాత చక్కగానే ఉంది. కాని హెచ్చరిక లేకుండా రెండవసారి రాయించినప్పుడు, అదిమిపెట్టిన ఆలోచనలు ఇతరుల రాతలో కంటె ఎక్కువగా వెలికి వచ్చాయి. ఆ తరహా యువకుడు వచ్చి కూర్చుంటాడని చెప్పిన కుర్చీకి వారు మరింత దూరంగా కూర్చున్నారు కూడా.

కేవలం అణచివేతతో పని జరగదని దీని వలన తెలుస్తుంది. నలుగురిలో నోరు కట్టుకున్నవాడు ఇంటికి వచ్చి భోజనాల దగ్గర రెట్టింపు మాటలు అనడం మనం చూడనిది కాదు. తలంపును పాతిపెట్టినంత మాత్రాన అది చావదు. దానిని చూసి, గుర్తించి, దాని స్థానంలో మరొక దానిని నిలపాలి.

ఎవరి కంటితో చూసుకుంటున్నాము?

ఇంతవరకు ముద్ర వేసేవాని సంగతి చూశాము. ముద్రకు గురి అయ్యేవాని విషయంలో స్వీయ ఎరుక ఒక్కొక్కసారి తలకిందులుగా పనిచేస్తుంది. ఇది తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు తప్పక తెలుసుకోవలసిన విషయం.

కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే పరిశోధకులు ఉత్తరప్రదేశ్ గ్రామీణ ప్రాంతంలో ఆరు, ఏడు తరగతుల బాలురతో ఒక ప్రయోగం చేశారు. అగ్రవర్ణాల బాలురు 321 మంది, నిమ్నవర్ణాల బాలురు 321 మంది ఇందులో పాల్గొన్నారు. కాగితం మీద గీసిన పద్మవ్యూహం వంటి చిక్కుదారులలో దారి కనుగొనడం వారికి ఇచ్చిన పని. కులం ప్రస్తావన లేనప్పుడు రెండు వర్గాల బాలురూ సమానంగా రాణించారు. అందరి ఎదుట వారి పేరుతో పాటు కులాన్ని ప్రకటించిన తరువాత నిమ్నవర్ణాల బాలురు పూర్తి చేసిన చిక్కుదారుల సంఖ్య సుమారు ఐదోవంతు తగ్గింది. వారి తెలివితేటలు ఏమాత్రం తగ్గలేదు. కాని మనసులో కొంత భాగం చిక్కుదారిని వదలి, తనను గమనిస్తున్న కళ్ల వైపు మళ్లింది.

1995లో క్లాడ్ స్టీల్, జాషువా ఆరన్‌సన్ అమెరికాలోని నల్లజాతి విద్యార్థులలో ఇటువంటి ఫలితాన్నే నమోదు చేశారు. "ఇది మీ సామర్థ్యాన్ని కొలిచే పరీక్ష" అని చెప్పినప్పుడు వారి మార్కులు పడిపోయాయి. ఆ మాట చెప్పనప్పుడు మెరుగుపడ్డాయి. ఈ ప్రభావం అన్ని చోట్లా ఒకే తీవ్రతతో కనిపించలేదని తరువాతి అధ్యయనాలు తెలిపినా, తరగతి గదిలో పనిచేసేవారికి ఈ దృశ్యం అపరిచితం కాదు. మద్రసాలో మేము ఏళ్ల తరబడి దీనిని గమనిస్తున్నాము. ఇంట్లో తెలుగు మాత్రమే మాట్లాడే బాలుడు ఒంటరిగా పాఠం అప్పజెప్పినప్పుడు 'ఖాఫ్'ను, 'కాఫ్'ను స్పష్టంగా వేరు చేసి పలుకుతాడు. ఉర్దూ ఇళ్ల పిల్లలు చుట్టూ కూర్చుని ఉన్నప్పుడు అదే బాలుని నాలుక తడబడుతుంది. ఒక్కడు కిసుక్కున నవ్వితే చాలు, వచ్చిన ఆయతు కూడా మరచిపోతాడు. తనకు ఉచ్చారణ రాదని అందరూ అనుకుంటున్నారన్న స్పృహే అతని ఉచ్చారణను చెడగొడుతుంది.

స్వీయ ఎరుక రెండు విధాలని దీనిని బట్టి అర్థమవుతుంది. ఒకటి, 'నన్ను లోకులు ఎలా చూస్తున్నారు?' అని ఇతరుల కంటితో తనను చూసుకోవడం. ఇది కాళ్లకు సంకెల. రెండవది, 'నేను ఎటువంటివాడిని, నా ప్రభువు ఎదుట ఏమి చేస్తున్నాను?' అని తన విలువల వెలుగులో తనను చూసుకోవడం. ఇది చేతిలో దీపం. మొదటి దానిలో చిక్కుకున్నవారిని రెండవ దాని వైపు మళ్లించడమే పెద్దల పని.

ఇందుకు ఒక మార్గం, జరుగుతున్నదేమిటో వారికి విడమరచి చెప్పడం. 2005లో జాన్స్, ష్మాడర్, మార్టెన్స్ అనే పరిశోధకులు గణిత పరీక్షకు ముందు కొందరు యువతులకు ఒక సంగతి వివరించారు. "ఆడవారికి లెక్కలు రావు అనే అపవాదు కారణంగా మీకు ఆందోళన కలగవచ్చు. ఆ ఆందోళనకు మీ సామర్థ్యంతో సంబంధం లేదు" అన్నది దాని సారాంశం. ఇది విన్న యువతులు పురుషులతో సమానంగా రాణించారు. వినని యువతులు వెనుకబడ్డారు. పరీక్ష హాలులోకి తలమీద స్కార్ఫ్‌తో అడుగుపెట్టే మన అమ్మాయికి, ఇంటర్వ్యూకు వెళ్లే మన అబ్బాయికి ఈ నాలుగు మాటలు ముందుగా చెప్పి పంపడం తల్లిదండ్రులకు భారమేమీ కాదు. "గుండె దడదడలాడితే అది నీ చేతకానితనం కాదమ్మా, ఆ చూపుల బరువు. బిస్మిల్లాహ్ అని నీ పని మీద దృష్టి పెట్టు" అనే తల్లి మాట పిల్లకు కొండంత అండ.

చూసేవారి అంచనాకు ఎంత బలం ఉందో తెలిపే మరొక ఉదంతం ఉంది. వృద్ధాప్యానికి సంబంధించిన పదాలు చదివినవారు తెలియకుండానే నెమ్మదిగా నడిచారని 1996లో అమెరికాలో ఒక పరిశోధన ప్రసిద్ధి పొందింది. 2012లో బెల్జియం పరిశోధకులు ఖచ్చితమైన పరికరాలతో కాలాన్ని కొలిచి చూడగా ఆ ప్రభావం కనిపించలేదు. ప్రయోగం నడిపేవారికి 'వీరు నెమ్మదిగా నడుస్తారు' అని ముందే నమ్మకం కలిగించినప్పుడు మాత్రం అది మళ్లీ ప్రత్యక్షమైంది. శాస్త్రజ్ఞులనే ఇంతగా ప్రభావితం చేసిన అంచనా, ఒక ఉపాధ్యాయునిలోనో తండ్రిలోనో ఉంటే పసివాని మీద ఎంతగా పనిచేస్తుందో ఊహించండి.

హజ్రత్ అబూజర్ (రజి) చూపిన బాట

మూస ముద్రకు మనం గురి అవుతున్నామన్న బాధ, మనం వేసే ముద్రలను మన కంటికి కనబడనీయదు. దూదికి ఏకు పెట్టి మన పరుపులు, దిండ్లు కుట్టిన నూర్‌బాషీయుల పట్ల, కేవలం తెలుగు మాట్లాడతారన్న కారణంగా ఎందరు ఉర్దూ కుటుంబాలవారు చిన్నచూపు చూడలేదు? చామనఛాయ గల అమ్మాయిని చూసి వచ్చి "ఆలోచించి చెబుతాము" అన్నవారు ఎందరు? సూరా హుజురాత్ 11వ ఆయతు ఒక వర్గం మరొక వర్గాన్ని ఎగతాళి చేయరాదనీ, కించపరిచే పేర్లతో పిలుచుకోరాదనీ ఆదేశిస్తున్నది. 12వ ఆయతు అనేక అనుమానాల నుండి దూరంగా ఉండమంటున్నది. ఇవి మనం రోజూ విని తలలూపే ఆయతులే.

సహీహ్ బుఖారీలో హజ్రత్ అబూజర్ గిఫారీ (రజి) వృత్తాంతం ఉంది. ఒకసారి ఆయన కోపావేశంలో ఒక వ్యక్తిని అతని తల్లి జాతిని ఎత్తి దెప్పిపొడిచారు. ఆ వ్యక్తి హజ్రత్ బిలాల్ (రజి) అని కొన్ని ఉల్లేఖనాలలో ఉంది. విషయం తెలిసి దైవప్రవక్త (స), అబూజర్‌లో ఇంకా అజ్ఞానకాలపు గుణం మిగిలి ఉన్నదని మందలించారు. సేవకులు మీ సోదరులనీ, మీరు తినేదే వారికి తినిపించాలనీ, మీరు ధరించేదే వారికి ధరింపజేయాలనీ బోధించారు.

ఇస్లాంను తొలి రోజులలోనే స్వీకరించిన మహనీయులలో అబూజర్ (రజి) ఒకరు. అంతటి విశ్వాసి మనసు అడుగున కూడా పాత సమాజపు ముద్ర ఒకటి మిగిలి, కోపం వచ్చిన క్షణంలో నోటి వెంట వెలువడింది.  చాలా కాలం తరువాత రబజా అనే చోట ఒక వ్యక్తి ఆయనను చూసినప్పుడు, ఆయన మీదా ఆయన సేవకుని మీదా ఒకే విధమైన వస్త్రం ఉంది. కారణం అడిగితే అబూజర్ (రజి) తన మీదికి వచ్చిన ఆ మందలింపును స్వయంగా వివరించారు. ఒక్క క్షణపు ఎరుకను ఆయన జీవితకాలపు అలవాటుగా మార్చుకున్నారు. ప్రతి ఉదయం వస్త్రం ధరించినప్పుడల్లా ఆ పాఠం ఆయనకు గుర్తుకు వచ్చేది.

ఇంటింటి లెక్కల పుస్తకం

ఇమామ్ గజాలీ (రహ్మలై) తమ 'ఇహ్యా ఉలూముద్దీన్' గ్రంథంలో ఆత్మ పర్యవేక్షణకు, ఆత్మ విచారణకు ఒక ప్రత్యేక అధ్యాయాన్నే కేటాయించారు. మనసును ఆయన వ్యాపార భాగస్వామితో పోల్చారు. తెల్లవారగానే భాగస్వామితో షరతులు మాట్లాడుకోవాలి, ఇది 'ముషారతా'. పగలంతా అతని మీద ఒక కన్ను వేసి ఉంచాలి, ఇది 'మురాఖబా'. రాత్రికి లాభనష్టాల లెక్క చూసుకోవాలి, ఇది 'ముహాసబా'. కిరాణా దుకాణం నడిపే సోదరులకు ఈ పోలికను వేరే వివరించనక్కరలేదు.

ప్యాట్రీషియా డివైన్, ఆమె సహచరులు 2012లో ప్రచురించిన పన్నెండు వారాల అధ్యయనం కూడా ఇంచుమించు ఇదే దారిలో సాగింది. మూస అభిప్రాయం ఒక చెడ్డ అలవాటు వంటిదనీ, దానిని గుర్తించి, నొచ్చుకుని, బదులు అలవాట్లు చేసుకుంటే తగ్గించుకోవచ్చుననీ వారి అభిప్రాయం. వారు సూచించిన ఐదు సాధనలను మన ఇళ్లకు అన్వయించి చూద్దాము.

మొదటిది, బదులు సమాధానం. 'ఫలానావారు ఇంతే' అనే మాట మనసులోకి రాగానే 'ఇది నేను చూసినదా, విన్నదా?' అని ప్రశ్నించుకోవాలి. విన్నదే అయితే అక్కడితో వదిలేయాలి.

రెండవది, ముద్రకు విరుద్ధమైన వ్యక్తులను తలచుకోవడం. ముస్లింలకు తెలుగు రాదనేవారికి పిఠాపురానికి చెందిన మహాకవి ఉమర్ అలీషాను గుర్తు చేయండి. ఇతర మతస్థులందరూ మన ధర్మానికి వ్యతిరేకులని మన పిల్లవాడు అన్నప్పుడు, దివ్యఖుర్‌ఆన్‌ను తెలుగులోకి తొలిసారి అనువదించినవారు చిలుకూరి నారాయణరావు గారని వానికి చెప్పండి.

మూడవది, వర్గాన్ని విడిచి వ్యక్తిని చూడటం. సంబంధం వచ్చినప్పుడు బిరాదరీని అడగక ముందు అబ్బాయి పేరు, నడవడి, చదువు, తల్లితో మాట్లాడే తీరు అడగండి. వివరాలు తెలిసేకొద్దీ ముద్ర మసకబారుతుంది.

నాలుగవది, ఎదుటివాని స్థానంలో నిలిచి చూడటం. బస్సులో ఆ యువకునికి కలిగిన బాధ ఎటువంటిదో మనకు తెలుసు. అదే బాధ సంబంధం తిరిగిపోయిన ఇంట్లో కూడా ఉంటుంది.

ఐదవది, రాకపోకలు పెంచుకోవడం. ఒకరి ఇంటి ఇఫ్తార్‌కు మరొకరు వెళ్లడం, పొరుగున ఉన్న హిందూ, క్రైస్తవ కుటుంబాల సుఖదుఃఖాలలో పాలు పంచుకోవడం ఏ ఉపన్యాసం కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

వీటితో పాటు మేము ఒక చిన్న సూచన చేయదలిచాము. ఇషా నమాజు తరువాత భోజనాల దగ్గర కుటుంబమంతా కూర్చుంటుంది. అప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి: 'ఈ రోజు ఎవరిని చూసి, వారు నోరు విప్పక ముందే ఒక నిర్ణయానికి వచ్చాము?' పెద్దవారు మొదట చెప్పాలి. అప్పుడే పిల్లలు బెరుకు లేకుండా చెబుతారు. ఎవరినీ మందలించవద్దు, నవ్వవద్దు. కొద్ది రోజులకు పిల్లలు ఆ క్షణాన్ని రాత్రి దాకా ఆగకుండా అప్పటికప్పుడే పసిగట్టడం నేర్చుకుంటారు.

లోకం మన మీద వేసే ముద్రలన్నిటినీ మనం చెరిపివేయలేము. వాటి మీద న్యాయబద్ధంగా పోరాడవలసిందే. కాని మన చేతిలోని ముద్రను కింద పెట్టడం ఈ రాత్రి నుండే మన వశంలో ఉన్న పని. తనకు జరిగిన అన్యాయాన్ని ఎరిగినవాడు ఇతరుల పట్ల మరింత న్యాయంగా నడుచుకున్నప్పుడే ఆ ఎరుకకు సార్థకత.

ఇతరుల లోపాల కన్నా ముందు మన అంతరంగాలను చూసుకునే దృష్టిని, చూసిన దానిని సరిదిద్దుకునే శక్తిని అల్లాహ్ మనకూ, మన సంతానానికీ ప్రసాదించుగాక! ఆమీన్.